కుంగుబాటు పరిశోధన, గ్రామీణ మానసిక వైద్యం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

కుంగుబాటు, అంటే వాడుకలో డిప్రెషన్, కనీసం రెండు వారాలపాటు విడవని దిగులు, ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర, ఆకలి చెడడం, నిస్సత్తువ, తాను ఎందుకూ కొరగాననే భావన వంటి లక్షణాలతో బయటపడే మానసిక రుగ్మత. 2015–16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, దేశంలోని వయోజనులలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారనీ, పడినవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందడం లేదనీ తేల్చింది. ఆ 12 రాష్ట్రాల జాబితాలో తమిళనాడు ఉంది గాని తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. అయితే సర్వేకు ముందు పద్ధతులను సరిచూసుకోవడానికి చేసిన నమూనా అధ్యయనం కర్ణాటకలోని కోలారు జిల్లాలో జరిగింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సరిహద్దు దాటగానే తగిలే ఆ జిల్లాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. కనుక ఈ మూడు ఊళ్ల స్థితిని ఊహించడానికి జాతీయ సగటు కంటె కోలారు అనుభవమే దగ్గరి ఆధారమని చెప్పడం సమంజసం.

ఇంటింటికీ తిరిగి రోగాన్ని లెక్కగట్టే పరిశోధన ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఆధారంగా, చుట్టుపక్కల గ్రామాలలో 1950–55 మధ్య జరిగిన క్షయ అధ్యయనం అంతర్జాతీయంగా పేరు పొందింది. మానసిక రుగ్మతల విషయంలో అటువంటి పని ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అక్కడ చేపట్టిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పథకంలో మనోరోగ నిపుణుల కొరతను ఆశా కార్యకర్తలతో పూడ్చాలని చూశారు. కార్యకర్త ట్యాబ్ పట్టుకొని ఇంటికి వెళ్లి, గత రెండు వారాల గురించి పి.హెచ్.క్యూ.–9 అనే తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కొక్క జవాబుకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10 గాని అంతకు మించి గాని వస్తే, లేదా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించిన చివరి ప్రశ్నకు 2 లేదా 3 మార్కులు వస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అక్కడి డాక్టరుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఏం చేయాలో ట్యాబే సూచిస్తుంది. ఎవరిని ముందుగా మళ్లీ పలకరించాలో కార్యకర్తకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులలో చూపిస్తుంది. దీనికి తోడు వివక్షను తగ్గించడానికి ఊళ్లలో నాటకాలు, వీడియోలు ప్రదర్శించారు. తొలి దశలో 30 గిరిజన గ్రామాలలో 5,000 మందికి పైగా పరీక్షించగా 238 మందికి సమస్య ఉన్నట్టు తేలింది. వీరిలో మానసిక వైద్యం అందుకున్నవారి వాటా 0.8 శాతం నుంచి 12.6 శాతానికి చేరింది. పెరుగుదల పెద్దదే, కాని ఎనిమిదిలో ఏడుగురు అప్పటికీ డాక్టరు గడప తొక్కలేదన్నదీ ఆ లెక్కలోనిదే. తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాలలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగిన పెద్ద పరీక్షలో కుంగుబాటు తీవ్రత తగ్గినట్టు నిరూపణ అయింది. గోవాలోనూ జింబాబ్వేలోనూ సామాన్యులకు తర్ఫీదునిచ్చి చేయించిన సలహా చికిత్సలు ఇదే దారిని బలపరిచాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో ఈ దారికి రెండు మెలికలున్నాయి. మొదటిది, కుంగుబాటుకు లోనైనవారు ఒళ్లు నొప్పులని, గుండె దడ అని, నిద్ర పట్టడం లేదని చెప్పుకొంటారు తప్ప దిగులుగా ఉందని అరుదుగా అంటారు. అందువల్ల ముందుగా ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గరికో, తాయెత్తు కట్టేవారి దగ్గరికో వెళ్లడం పరిపాటి. రెండోది దూరం. రాష్ట్రంలోని పాత ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నంలో, అంటే రాష్ట్రం రెండో కొసన ఉంది. కుప్పంవారికి రైలెక్కితే నిమ్హాన్సే దగ్గర. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల వెలిసిన తర్వాత కొంత వెసులుబాటు కలిగింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఏ భాషలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పానికి ఇది బాగా పనికివచ్చే ఏర్పాటే గాని, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవారి జేబులో ఉండే కుటుంబాలలోని స్త్రీలకు మాత్రం గుమ్మంలోకి వచ్చే ఆశా కార్యకర్తే అందుబాటులో ఉన్న సాయం.