మొలనూలు: ఒక మాట కథ

మన సంఘం పండుగలకు ఆడపిల్లలు వడ్డాణాలు పెట్టుకుని ముచ్చటగా వస్తారు. అదేమిటని అడిగితే చాలామంది "గోల్డు బెల్టు" అంటారు. నడుముకు పెట్టుకునే నగకు తెలుగులో ఇంకో పాత పేరుంది: మొలనూలు. నేను పసిపిల్లల డాక్టరునే గాని భాషాపండితుణ్ణి కాను. అయినా ఈ మాట విప్పి చూడటానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

మొల అంటే నడుము. "మొలలోతు నీళ్ళు" అంటామే, ఆ మొలే. నూలు అంటే ప్రత్తి దారం. మొలనూలు అంటే నడుముకు కట్టిన దారమన్న మాట. మొలత్రాడూ అంతే. పొలంలో గోచీ పెట్టుకునే రైతుకు ఆ గోచీ దోపుకోవడానికి మొలత్రాడే ఆధారం. కలిగినవాళ్ళు దాన్నే వెండితో, బంగారంతో చేయించుకున్నారు. వస్తువు మారినా పేరు మారలేదు. చిన్నికృష్ణుని మీద మన పిల్లలు వల్లించే పద్యంలో ఉన్నది బంగారు మొలత్రాడు. బంగారానికి త్రాడనే పేరేమిటని ఎవరికీ సందేహం రాదు!

సంస్కృతంలోనూ ఇదే వరస. స్త్రీల నడుము నగకు అమరకోశం మేఖల, కాంచి, సప్తకి, రశన, సారసనం అని ఐదు పేర్లు చెప్పింది. వేదకాలంలో రశన అంటే త్రాడు, గుర్రపు పగ్గం. ఉపనయనంలో బ్రాహ్మణ వటువుకు కట్టే మేఖల ముంజగడ్డితో పేనినది. మగవారి నడుము నగ పేరు శృంఖలం, అంటే గొలుసు. మన "సంకెల" ఆ మాటలోంచి వచ్చినదే. ఒకే మాట ఒకచోట అలంకారం, ఇంకోచోట బంధనం!

మనవాళ్ళ బిడ్డల నడుముకు నల్లత్రాడు చూసి నర్సులు ఇదెందుకని నన్ను అడుగుతుంటారు. దిష్టి తగలకుండా అని చెప్పి ఊరుకోను, ఈ కథంతా చెబుతాను. కొందరు తల్లులు మొహమాటపడి ఆ త్రాడు ముందే తీసేసి తీసుకొస్తారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదమ్మా! రాణిగారి నగకు పేరు పెట్టింది ఆ నూలుపోగే. మీ అమ్మాయికి వడ్డాణం పెట్టేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.

అన్నట్టు, దామం అంటే త్రాడు. యశోద త్రాటితో పొట్టకు కట్టేసింది గనుక కృష్ణుడు దామోదరుడయ్యాడు. మన సంఘంలో దామోదర్ గారెవరైనా ఉంటే, ప్యాంటుకు బెల్టు పెట్టుకున్నా లేకపోయినా, వారి పేరులో మాత్రం ఒక త్రాడు ఎప్పుడూ ఉంటుంది.