తప్పిపోయినవారి జాబితా, దొరికినవారి జాబితా

తరగతిలో నేను అప్పుడప్పుడు ఒక చిన్న ప్రయోగం చేస్తుంటాను. మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి, మీ నాన్న పేరేమిటి, మీ ఊరేది, ఆ ఊరు ఏ జిల్లాలో ఉంది అని అడుగుతాను. నాన్న పేరు చాలామంది చెబుతారు. ఊరు దగ్గర తడబాటు మొదలవుతుంది. "అమ్మమ్మ వాళ్ళ ఊరు" అంటాడొకడు, "చెరువు పక్కన" అంటుంది ఇంకొకతె. జిల్లా సంగతికి వచ్చేసరికి సగం తరగతి కిటికీ వైపు చూస్తుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పుస్తకం కాసేపు పక్కన పెట్టి అడిగి చూడండి.

ఇప్పుడు ఆ పిల్లవాణ్ణి వెయ్యి కిలోమీటర్ల అవతల, తన మాట ఎవరికీ తెలియని ఊళ్ళో నిలబెట్టి అవే ప్రశ్నలు అడిగారనుకోండి. ఏమవుతుంది?

ఇది ఊహ కోసం వేసిన ప్రశ్న కాదు. గుజరాత్‌లోని సూరత్ నగరంలో పాండేసర పారిశ్రామికవాడను ఆనుకుని వడోద్ అనే చోటు ఉంది. ఒకప్పుడు పల్లె. చుట్టూ అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లు వచ్చాక కూలీల గదులతో నిండిపోయింది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్ళు ఇటువంటి వాడల్లో పక్కపక్క గదుల్లో ఉంటారు. సూరత్‌లో మనవాళ్ళూ తక్కువేమీ కాదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకుని తరాల కిందటే అక్కడికి చేరారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే వారి సంఖ్యను మీరే అంచనా వేసుకోవచ్చు. మగవాళ్ళు షిఫ్టుకు పోతారు, ఆడవాళ్ళు చీరలకు పూసలు, లేసులు కుట్టే పనిలో ఉంటారు, పిల్లలు సందుల్లో ఆడుకుంటూ ఉంటారు. పక్కగదివాడు ఏ ఊరివాడో చాలాసార్లు తెలియదు. ఆరు నెలల తరువాత అతడు అక్కడ ఉండకపోవచ్చు కూడా.

2021 దీపావళి రాత్రి వడోద్‌లో రెండున్నరేళ్ళ పాప కనిపించకుండా పోయింది. పోలీసులు పెద్ద సంఖ్యలో వెతికారు. మూడు రోజుల తరువాత పాప శవం దొరికింది. నిందితుణ్ణి పట్టించింది వీధి కెమెరాల దృశ్యాలు. డిసెంబరు మొదటి వారంలోనే న్యాయస్థానం అతడికి మరణశిక్ష విధించింది. విచారణ ఎంత వేగంగా జరిగిందో అందరూ చెప్పుకున్నారు. వెతుకులాటకు మాత్రం అంత వ్యవధి ఉండదని మనం గుర్తుంచుకోవాలి. ఇటువంటి విషయాల్లో మొదటి కొన్ని గంటలే కీలకం. ఆ గంటల్లో సందు సందూ తిరగగలిగేది ఎవరు? ఇరుగుపొరుగే.

వెతకడమనే పనికి ఒక చరిత్ర ఉంది. అందులో చాలా భాగం జీతం లేకుండా పనిచేసినవారిది.

ముందు మాట అర్థం సరిచేసుకుందాం. ఏ మనిషీ "తప్పిపోయి" ఉండడు. ఎక్కడో ఒకచోట ఉంటాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీదో, ప్రభుత్వ వసతిగృహంలోనో, గాజుల బట్టీ దగ్గరో, తాళం వేసిన గదిలోనో. మనిషి ఒకచోట, అతని గురించిన సమాచారం మరోచోట ఉండడాన్నే మనం తప్పిపోవడం అంటున్నాం. కాబట్టి దేశంలో ఎప్పుడూ రెండు జాబితాలు ఉంటాయి. ఇంటివాళ్ళు పోలీస్ స్టేషన్‌లో రాయించే తప్పిపోయినవారి జాబితా ఒకటి. వసతిగృహాల్లో, ఆసుపత్రుల్లో, శవాగారాల్లో ఉండే దొరికినవారి జాబితా రెండోది. ఈ రెండూ ఒకే బల్ల మీదకు వస్తే సగం పని అయిపోయినట్టే. కానీ లెక్క చూడండి. ఒక జాబితాలో 100 పేర్లు, రెండో దానిలో 100 పేర్లు ఉంటే సరిపోల్చవలసిన జతలు 10,000. ఒక్కో జాబితా పదివేలు అయితే జతలు పది కోట్లు. పైగా ఒకచోట "రాజు" అని రాసుకున్నది రెండోచోట "రాజా" అయి ఉంటుంది, భాష వేరే అయి ఉంటుంది, పిల్లవాడు ఈలోగా రెండేళ్ళు ఎదిగి ఉంటాడు.

మూడో జాబితా ఒకటి ఉంది. అది మనుషుల్ని తరలించేవాడి దగ్గర ఉంటుంది. చరిత్రలో అన్నిటికన్నా శ్రద్ధగా రాసింది అదే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్ళారు. వారిలో ఉత్తరాంధ్ర, కోస్తా తెలుగువాళ్ళు చాలామంది. ఓడ పట్టీలో కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, గాయాల మచ్చలు కూడా రాశారు. ఆ కూలీల మునిమనవలు ఈనాడు తమ పూర్వీకుల ఊరేదో తెలుసుకుంటున్నది ఆ పట్టీల నుంచే. సరుకు లెక్క తప్పకూడదని రాసుకున్న కాగితం బంధువుల్ని కలిపే కాగితమైంది. ఇంటి దగ్గర మిగిలినవారి చేతిలో మాత్రం ఏ కాగితమూ లేదు.

స్వతంత్ర భారతదేశంలో తప్పిపోయినవారి కోసం జరిగిన మొదటి పెద్ద అన్వేషణ దేశ విభజన నాటిది. అపహరణకు గురైన స్త్రీలను వెతికి అప్పగించుకోవాలని భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు 1947 డిసెంబరు 6న అంగీకరించాయి. ఆ పనికి ముందు నిలిచినవారు అహమదాబాదుకు చెందిన మృదులా సారాభాయ్. ఆమెతో పనిచేసిన కమలాబెన్ పటేల్ తన అనుభవాలను తరువాత గుజరాతీలో పుస్తకంగా రాశారు. బంధువులు ఇచ్చిన వివరాలు పట్టుకుని, పోలీసుల్ని వెంటబెట్టుకుని, సంఘసేవికలు ఊరూరా తిరిగారు. 1949లో దీనికి చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం అమలులో ఉన్న కాలం ముగిసేసరికి రెండు వైపులా కలిపి సుమారు 30 వేల మందిని వెతికి పట్టుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పాఠ్యపుస్తకాలు ఈ కథను చెబితే 30 వేలతో ముగిస్తాయి. ఆ స్త్రీలలో కొందరు తిరిగి వెళ్ళనన్నారు. అప్పటికే వారికి కొత్త సంసారాలు, పిల్లలు ఉన్నారు. పుట్టింటివారు రానిస్తారన్న నమ్మకం లేదు. చట్టం వారి ఇష్టాన్ని అడగలేదు. జాబితాలో పేరుంది కాబట్టి పంపించివేశారు. జాబితాలు కలపడం, మనుషుల్ని కాపాడడం ఒకటి కాదని అప్పుడే తేలింది. ఆ తగవు ఇంకా తీరలేదు. దాడుల్లో పట్టుకుని, ఇష్టానికి విరుద్ధంగా రక్షణ గృహాల్లో ఉంచిన మేజరు స్త్రీల వివరాలు తేల్చి విడుదల చేయాలని సుప్రీంకోర్టు 2022 మేలో కూడా చెప్పవలసి వచ్చింది.

అక్రమ రవాణా అంటే ఏమిటో కూడా ఇక్కడే చూద్దాం. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ఒప్పందం ప్రకారం ఇందులో మూడు అంగాలున్నాయి. మనిషిని తరలించడం లేదా దాచడం, అందుకు బలాన్నో మోసాన్నో వాడడం, దోపిడీ చేయాలన్న ఉద్దేశం. పిల్లల విషయంలో రెండోది నిరూపించనక్కరలేదు. "వాడే ఇష్టపడి వచ్చాడండీ" అన్న జవాబు చెల్లదు. మన ఊళ్ళలో ఏజెంటు ముసుగు వేసుకుని రాడు. పండక్కి వచ్చిన దూరపు బంధువు, పట్నంలో పని ఇప్పిస్తానన్న పక్కింటి అక్క, ముందుగా చేతిలో పెట్టిన కొన్ని వేల రూపాయలు, అంతే. ఆ కారణంగానే ఇటువంటి పిల్లలు తప్పిపోయినవారి జాబితాలోకే ఎక్కరు. ఇంటివాళ్ళ దృష్టిలో వాళ్ళు తప్పిపోలేదు, పనికి వెళ్ళారు. 2018 డిసెంబరులో సూరత్‌లో చీరల పనిచేసే చోట్ల నుంచి విడిపించిన రాజస్థాన్ పిల్లలు వందమందికి పైనే. మనం సూరత్‌ను తప్పుపట్టబోయే ముందు హైదరాబాదును చూసుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల తయారీ గదుల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహారువాళ్ళు. అద్దాలు, రంగులు అంటించే రసాయనాల గాలిలో, కిటికీలు లేని గదుల్లో పన్నెండేసి గంటలు. వాళ్ళను ఇళ్ళకు చేర్చడానికి హిందీ తెలిస్తే చాలని మొదట అనుకోవచ్చు. మైథిలి, మగహీ మాట్లాడే ఎనిమిదేళ్ళ పిల్లవాడి ఊరిపేరును పట్టుకోవడం అంత సులువేమీ కాదు.

1996లో రెండు మంచి ప్రయత్నాలు మొదలయ్యాయి. ముంబైలో టాటా సామాజిక విజ్ఞాన సంస్థకు చెందిన జెరూ బిల్లిమోరియా వీధి పిల్లల కోసం 1098 అనే ఫోన్ సేవను ప్రారంభించారు. తరువాత అది దేశమంతా విస్తరించి 2023లో ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్ళింది. అంకె మాత్రం అదే, మీరు గుర్తు పెట్టుకోండి. అదే సంవత్సరం హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార వాడను ఖాళీ చేయించారు. అక్కడి స్త్రీలు రాత్రికి రాత్రి నిలువనీడ లేనివారయ్యారు. సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ఆ వాడలోనే ఖాళీ అయిన ఒక ఇంట్లో వారి పిల్లల కోసం బడి పెట్టారు. ప్రజ్వల సంస్థ అలా పుట్టింది. పిల్లల్ని తల్లుల దారిలో పోనివ్వకుండా ఆపడంతో మొదలై, వ్యభిచార గృహాల నుంచి విడిపించడం, ఆశ్రయం, పని నేర్పించడం దాకా వెళ్ళింది. 2004లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం కూడా వేసింది. సునీతా కృష్ణన్‌కు 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఈలోగా ఆమె మీద దాడులు ఎన్నోసార్లు జరిగాయి.

కరువు ప్రాంతమైన అప్పటి అనంతపురం జిల్లాలో, ముఖ్యంగా కదిరి వైపు, స్త్రీలను పుణే, ఢిల్లీలకు తరలించే ముఠాలు పనిచేశాయి. అక్కడ రెడ్స్, ప్రకాశం వైపు హెల్ప్ వంటి సంస్థలు పనిచేశాయి. తిరిగి వచ్చిన స్త్రీలే విముక్తి అనే వేదికగా ఏర్పడ్డారు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద మార్పు. ఏ రైలులో ఎక్కిస్తారు, ఎక్కడ దింపుతారు, దారిలో ఏ పేరు చెప్పమంటారు అన్నది ఆ దారిన వెళ్ళివచ్చినవారికి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

చట్టం ఆలస్యంగా కదిలింది. 2006 చివర్లో నోయిడాలోని నిఠారీలో పిల్లల అవశేషాలు బయటపడ్డాయి. అంతకు ముందు నెలల తరబడి తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగారు. పేదవాళ్ళ పిల్లలు ఎక్కడికో పారిపోయి ఉంటారని తిప్పి పంపారు. చివరికి, కైలాస్ సత్యార్థి స్థాపించిన బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 మే 10న స్పష్టంగా చెప్పింది. పిల్లవాడు కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలి. విచారణలో వేరే విషయం తేలేదాకా దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించాలి. "ఒకటి రెండు రోజులు చూద్దాం" అనే వీలు పోయింది. మీకు ఎవరైనా ఆ మాట అంటే ఈ తేదీ చెప్పండి.

ఇక రెండు జాబితాలను కలిపే పని. 2014లో గాజియాబాద్ పోలీసులు ఒక మామూలు పని చేశారు. బృందాలుగా వసతిగృహాలకు వెళ్ళి అక్కడి పిల్లల్ని అడిగారు. కొద్ది వారాల్లోనే 200 మందికి పైగా ఇళ్ళు చేరారు. దాన్ని చూసి కేంద్రం 2015లో ఆపరేషన్ స్మైల్, ఆపరేషన్ ముస్కాన్‌లను దేశమంతా జరిపించింది. అదే ఏడాది జూన్‌లో ఖోయా పాయా పోర్టల్ వచ్చింది. ఇప్పుడిది మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలిసింది. 2018లో తెలంగాణ పోలీసులు దర్పణ్ అనే ముఖ గుర్తింపు పరికరాన్ని తెచ్చారు. తప్పిపోయిన పిల్లల ఫోటోలను వసతిగృహాల్లోని పిల్లల ఫోటోలతో అది పోల్చి చూస్తుంది. పది కోట్ల జతల్ని యంత్రం విసుగు లేకుండా చూస్తుంది, నిజమే. కానీ పిల్లల ముఖం ఏడాదికేడాది మారుతుంది. యంత్రం చెప్పేది పోలిక మాత్రమే. తల్లి చూసి అవునంటేనే అవును. అనుకోకుండా జరిగిన మేలు ఒకటి చెబుతాను. కొన్ని వసతిగృహాల్లో పిల్లలకు ఆధార్ తీయబోతే యంత్రం నిరాకరించింది. ఈ వేలిముద్రలు ముందే నమోదై ఉన్నాయంది. వాటి వెనక ఇంటి చిరునామా ఉంది!

ముఖం మారినా మారనిది రక్తసంబంధం. దీన్ని వెతకడానికి వాడేలా చేసింది శాస్త్రవేత్తలు కాదు, అమ్మమ్మలు, నానమ్మలు. అర్జెంటీనాలో సైనిక పాలన ఎత్తుకుపోయిన మనవల కోసం 1977లో వారు సంఘం పెట్టుకున్నారు. పిల్లల తల్లిదండ్రులు బతికిలేరు. మరి అమ్మమ్మ రక్తంతో మనవడిని రుజువు చేయగలమా అని వారు దేశదేశాల శాస్త్రజ్ఞులను అడిగారు. అమెరికాకు చెందిన మేరీ క్లెయిర్ కింగ్ 1984లో అక్కడికి వెళ్ళి పద్ధతిని రూపొందించింది. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డిఎన్ఏ ఆ తరువాత బాగా అక్కరకు వచ్చింది. 1987లో జాతీయ జన్యు సమాచార నిధి ఏర్పడింది. ఇప్పటికి 130 మందికి పైగా మనవలు తామెవరో తెలుసుకున్నారు.

ఇవన్నీ ఎక్కువగా పద్దెనిమిదేళ్ళ లోపు వారి కోసం. 2013 నాటి ఆదేశం పిల్లలకే. పందొమ్మిదేళ్ళ కూతురు కనిపించడం లేదని పాండేసరలోనో, కదిరిలోనో తండ్రి స్టేషన్ మెట్లెక్కితే వినవచ్చే మొదటి ప్రశ్న ఇంకా పాతదే: "ఎవరితోనైనా వెళ్ళిందేమో, ముందు ఆ సంగతి కనుక్కున్నారా?" అందువల్లనే అనుభవం ఉన్న కార్యకర్తలు ఆ తండ్రితో ఒంటరిగా వెళ్ళమని చెప్పరు. వెంట వెళతారు. ఇటీవలి ఫోటో, ఒంటి మీది గుర్తులు, చివరిసారి వాడిన ఫోన్ నంబరు, చివరగా చూసిన చోటు, వేళ, ఆమె మాట్లాడే భాషలు ఒక కాగితం మీద రాసుకుని వెళతారు. కాగితం రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకునే దాకా బయటికి రారు.