కాలం: తెలుగు మాటలు, వాటి చరిత్ర

కాలాన్ని సూచించడానికి తెలుగులో ఒకే మాట లేదు. కాలం, సమయం, వేళ, పొద్దు, పూట, సేపు, అదను, గడువు, టైము మొదలైనవన్నీ ఒకదాని పని మరొకటి పూర్తిగా చేయలేని విధంగా పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. వీటిలో కొన్ని ద్రావిడ మూలాలకు చెందినవి, కొన్ని సంస్కృతం నుంచి వచ్చినవి, మరికొన్ని ఉర్దూ, ఆంగ్లాల ద్వారా చేరినవి. అయితే వీటిలో ముఖ్యమైనవి చాలావరకు మొదట కాలానికి పేర్లు కావు. సూర్యుడు, సముద్రపు ఒడ్డు, చిన్న కుండ, కంచుగంట, కనురెప్ప కదలిక వంటి కంటికీ చెవికీ అందేవాటి పేర్లే క్రమంగా కాలానికి అన్వయమయ్యాయి.

అచ్చతెలుగు మాటల్లో పెద్దది పొద్దు. దీని పాతరూపం ప్రొద్దు; తమిళంలోని పొళుదు, కన్నడంలోని హొత్తు దీని తోబుట్టువులు. సూర్యుడినీ కాలాన్నీ ఇది ఒకే నోట చెబుతుంది: పొద్దు పొడిచింది, పొద్దు వాలింది, పొద్దు గూకింది అన్నప్పుడు అది సూర్యబింబం, పొద్దుపోయింది అంటే ఆలస్యమైంది, పొద్దుపోవడం లేదు అంటే చేయడానికి పనేమీ లేదు. ఒకే క్రియ ఒక చోట కాలం మించిపోవడాన్ని, మరొక చోట కాలం కదలకపోవడాన్ని చెప్పడం ఈ మాటలోని విశేషం. పొద్దు అస్తమించే వరకు అనే అర్థంలో ఏర్పడిన పొద్దస్తమానం నుంచి మొదటి భాగం జారిపోయి, మిగిలిన అస్తమానం అనే ముక్క ‘ఎప్పుడూ’ అనే అర్థంలో స్థిరపడింది. సూర్యాస్తమయానికి పేరైన మాట ఎడతెగకపోవడానికి పేరు కావడం ఇలా జరిగింది. రోజుకు ఒకే పూట భోజనం చేసే ఉపవాస నియమాన్ని ఒక్కపొద్దు అంటారు. రంజాన్ నెలలో ముస్లింలు పాటించే ఉపవాసాలను కూడా తెలంగాణ పల్లెల్లో ఒక్కపొద్దులనే అంటారు. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు అనే మాటల చివరి భాగం కూడా ఈ పొద్దు కుటుంబానికే చెందుతుందని భాషావేత్తలు భావిస్తారు.

పూట అనే మాట రోజులో సగాన్ని, అందులోని భోజనాన్ని కలిపి చూస్తుంది. పూట గడవడం అంటే కాలం గడవడం కాదు, తిండి దొరకడం. డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇంటిని పూటకూళ్ల ఇల్లు అనేవారు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్లమ్మ వల్ల ఈ మాట హోటళ్లు వచ్చిన తరువాత కూడా బతికింది. ఇటువంటి మార్పే రేపు అనే మాటలోనూ కనిపిస్తుంది. ప్రాచీన తెలుగులో రేపు అంటే ఉదయం, మాపు అంటే సాయంకాలం. వచ్చే ఉదయం అనే భావం నుంచి రేపు మరునాటికి పేరైంది. రేపూమాపూ అంటూ పని జరపకుండా ఉండటాన్ని చెప్పే జంటపదంలో ఆ పాత జోడీ నేటికీ విడిపోలేదు.

సంస్కృతం నుంచి వచ్చిన కాలం అనే మాటకు లెక్కించడం అనే అర్థమున్న ధాతువుతో సంబంధం చెప్పడం వ్యాఖ్యాతల సంప్రదాయం. నలుపు అనే అర్థంలో ఇదే రూపం గల మరొక మాట ఉంది. యముడికీ కాలుడనే పేరుంది. అథర్వవేదం పంతొమ్మిదవ కాండలో కాలాన్ని సృష్టికి మూలంగా కీర్తించే సూక్తాలు ఉన్నాయి. వైశేషిక దర్శనం తొమ్మిది ద్రవ్యాలలో కాలాన్ని ఒకటిగా పరిగణించి, ముందు, వెనుక, ఆలస్యం, శీఘ్రం అనే వ్యవహారాలకు దానిని కారణంగా చూపింది. తెలుగు వాడుకలో ఈ మాట తాత్త్విక భారాన్ని చాలావరకు దించుకుని ఇంటిమాట అయింది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నప్పుడు అది రుతువు. కరువు కాలం, నిజాం కాలం అన్నప్పుడు యుగం. కాలం కలిసివచ్చింది అన్నప్పుడు అదృష్టం. పెద్దలు, పీఠాధిపతులు మరణించినప్పుడు గౌరవసూచకంగా కాలం చేశారు అంటారు. అదే మరణసూచన ‘నీకేం పోయేకాలం’ అనే తిట్టులో మర్యాద వదిలి వినిపిస్తుంది.

సమయం అనే మాటకు సంస్కృతంలో కూడిక, ఒడంబడిక, ఆచారం అనే అర్థాలున్నాయి. అవి తెలుగులో దాదాపు మరుగునపడినా, వెన్నెలను చకోరాలు తాగుతాయనడం వంటి కవుల కట్టుబాట్లకు కవిసమయం అనే పేరు మాత్రం అలాగే నిలిచింది. ఇక్కడ సమయం అంటే కాలం అని పొరబడే విద్యార్థులు అరుదు కాదు. తమిళంలో ఇదే మాట కాలానికీ, మతానికీ కూడా వాడుకలో ఉంది. జైన తత్త్వశాస్త్రంలోనైతే ఇక విభజించడానికి వీలులేని అతిసూక్ష్మమైన కాలపు తునకకు సమయమని పేరు. వేళ అనే మాటకు మూలమైన సంస్కృత పదానికి హద్దు, సముద్రతీరం అనే అర్థాలున్నాయి. ఇది భోజనం వేళ, సందెవేళ వంటి చోట్ల ఆయా పనులకు తగిన కాలానికి హద్దు గీస్తుంది. ఈ వేళ అనేది ఇవాళ, ఇయ్యాల అని మారి ‘ఈ రోజు’ అనే అర్థానికి వచ్చింది. ఒకవేళ అన్నప్పుడు కాలం జాడే లేకుండా పోయి, జరగవచ్చునో లేదో తెలియని సంగతికి అది గుర్తు అయింది.

కొలతల విషయంలో మాటల ప్రయాణం ఇంకా వింతగా ఉంటుంది. రాత్రింబవళ్లను 60 భాగాలు చేస్తే ఒక భాగం గడియ, అంటే నేటి లెక్కలో 24 నిమిషాలు; గడియలో అరవయ్యో వంతు విగడియ, 24 సెకన్లు; రెండు గడియలు ఒక ముహూర్తం; ఏడున్నర గడియలు, అంటే మూడు గంటలు, ఒక జాము. గడియకు మూలమైన ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటి తొట్టిలో వదిలితే అది నెమ్మదిగా నిండి మునుగుతుంది. ఒక పగలు, ఒక రాత్రి గడిచేసరికి సరిగా అరవైసార్లు మునిగేలా ఆ గిన్నె ఉండాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. గిన్నె మునగడం చూసే మనిషి పక్కనే వేలాడే కంచుపళ్లాన్ని కొట్టి ఊరికి తెలిపేవాడు. 16వ శతాబ్దంలో బాబరు తన ఆత్మకథలో ఈ ఏర్పాటును వివరంగా వర్ణించి, రాత్రివేళ మెలకువ వచ్చినవారికి గడియ సంఖ్యే కాక అది ఎన్నో జామో కూడా తెలిసేలా దెబ్బలు కొట్టమని తాను ఆజ్ఞాపించినట్లు రాసుకున్నాడు. గిన్నె పోయింది, కొట్టేవాడు పోయాడు, గడియ మాత్రం గడియారంలో మిగిలింది. జాముకు హిందీలో పేరైన పహర్ నుంచి, జాములవారీగా కాపలా కాయడాన్ని చెప్పే పహరా తెలుగులోకి వచ్చింది; జాము అనే మాట తెల్లవారుజాములో నిత్యవ్యవహారంగా ఉంది.

నిమిషం అనే మాటకు అసలు అర్థం కనురెప్ప మూయడం. మనుస్మృతి లెక్కలో 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి ఒక నిమేషం సెకనులో అయిదో వంతుకన్నా తక్కువ. గంటలో అరవయ్యో వంతుకు పేరు కావలసి వచ్చినప్పుడు ఈ మాటనే తీసుకోవడంతో అది ఒక్కసారిగా సుమారు 337 రెట్లు సాగింది. క్షణం సంగతి దీనికి తలకిందులు. అమరసింహుడి అమరకోశం కాలవర్గంలో 12 క్షణాలు ఒక ముహూర్తం, అంటే క్షణమంటే నాలుగు నిమిషాలు. నేటి వాడుకలో అది సెకనుకన్నా చిన్నది. ఒక్క క్షణంలో వస్తానని వెళ్లి నాలుగు నిమిషాలకు తిరిగివచ్చినవాడు అమరసింహుడి ముందు నిర్దోషి. తృటి అనే సూక్ష్మ ప్రమాణానికి నేటి పత్రికల్లో తృటిలో తప్పిన ప్రమాదాలే ఆధారం. సెకను మాత్రం ఏ పాతమాటా అంటించుకోకుండా ఆంగ్లం నుంచి అలాగే వచ్చింది.

యూరపు యంత్రాలతో వచ్చిన 24 భాగాల రోజులో ఒక్కో భాగానికి తెలుగు భాష గంట అనే పేరు పెట్టింది. గంట అంటే మోగే వస్తువు. అది మోగే శబ్దమే కాలప్రమాణమైంది. గడియారానికి ఆంగ్లంలో ఉన్న పేరు కూడా గంట అనే అర్థం గల లాటిన్ మాట నుంచే వచ్చింది. 1591లో కట్టిన చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు అమర్చింది 1889లో. పట్టణాల నడిబొడ్డున గడియార స్తంభాలు వెలసిన రోజులవి. అప్పటికి ఊరి గడియారం ఊరి సూర్యుడిని అనుసరించేది. మద్రాసు వేధశాల ఖగోళవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందుండే మద్రాసు కాలాన్ని నిర్ణయించాడు. తరువాత రైళ్లు దానినే అనుసరించాయి. 1906 జనవరి 1 నుంచి తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీలు ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి రాగా, మద్రాసు గడియారాలు 9 నిమిషాలు ముందుకు జరిగాయి. ఈ రేఖ ఆంధ్ర తీరంలో కాకినాడ సమీపంగా పోతుంది. దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్న హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి రావడానికి సగటున మరో 16 నిమిషాలు పడుతుంది.

ప్రామాణిక కాలం పంచాంగపు రోజును తొలగించలేదు. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటగానే మారుతుంది. అందువల్ల రాత్రి రెండున్నరకు ముహూర్తం ఉన్న పెళ్లి శుభలేఖలో ‘శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం’ అని అచ్చువేస్తారు. రెండు కాలమానాలకూ మాట పడకుండా కుదిర్చిన ఆ నాలుగు మాటలు పిలుపు అందుకున్నవారు రైలుకు టిక్కెట్టు తీసేటప్పుడు మాత్రం మరోసారి లెక్క చూసుకునేలా చేస్తాయి.

సేద్యానికి పనికివచ్చేది గంటల లెక్క కాదు, కార్తె. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు 13 లేదా 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. రోహిణి ఎండలకూ, జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిర తొలకరికీ పేరుపొందాయి. విత్తడానికి నేలలో ఉండవలసిన తేమ పదను, ఆ తేమ ఉన్న తరుణం అదను. అదను తప్పితే విత్తనం వృథా కాబట్టి ఈ మాట రైతు నోట కాలానికి పెట్టిన గడువు వంటిది.

వ్యాకరణంలోనూ కాలం అంటే క్రియ సూచించే కాలమే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) భూత, భవిష్యద్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అనే నాలుగో విభాగాన్ని చెబుతుంది. తద్ధర్మమంటే స్వభావం, అలవాటు. నేటి వ్యవహారంలో ‘రేపు వస్తాడు’, ‘రోజూ వస్తాడు’ అనే రెండింటిలోనూ క్రియారూపం ఒకటే కాబట్టి, అలవాటుకూ రాబోయేదానికీ మధ్య తేడాను పక్కనున్న మాటే చెప్పాలి. దిక్కులు చెప్పే మాటలూ కాలానికి పనిచేస్తాయి: ముందు అంటే ఎదుట, అంతకు పూర్వం కూడా, ముందుముందు అంటే భవిష్యత్తు, వెనకటికి అంటే గతం.

ఉర్దూ ద్వారా వచ్చిన వాయిదాకు మూలార్థం మాట ఇవ్వడం, వాగ్దానం. కోర్టుకు హాజరయ్యే తేదీ, అప్పు కట్టే కిస్తీ అనే అర్థాల మీదుగా అది పని తరువాతకు జరపడానికి పేరైంది. ఆంగ్లం నుంచి వచ్చిన టైము నేటి సంభాషణలో అన్నిటికన్నా చురుకైనది, కానీ పాతమాటలను పక్కకు నెట్టలేదు. కాలం బాగాలేదు అంటే లోకానికి వచ్చిన కష్టం, టైం బాగాలేదు అంటే ఒక మనిషి జాతకం. హరికథలకూ పురాణశ్రవణానికీ పేరైన కాలక్షేపం పక్కన, అదే అర్థం గల టైంపాస్ నిలబడింది. పల్లీలమ్మేవారు రైలుపెట్టెల్లో ‘టైంపాస్, టైంపాస్’ అని కేకవేస్తే, ప్రయాణికులకు అది కాలం గడపడమని కాక కాగితం పొట్లంలో వేయించిన పల్లీలని అర్థమవుతుంది.