జైనూరు అంగడి, మార్లవాయి బడి

జైనూరు సెంటర్లో నిలబడితే ఒక దారి ఉట్నూరుకు పోతుంది, మరొక దారి కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాదుకు చేరుతుంది. ఈ సెంటర్లో గోండి, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగు భాషలూ వినబడతాయి. కొనేవాడు ఒక భాషలో అడుగుతాడు, అమ్మేవాడు మరో భాషలో చెబుతాడు, అయినా బేరం కుదురుతుంది. ఈ కలయిక ఒక్కనాటిది కాదు. దీని వెనుక కథ మన పిల్లలకు తెలియాలి.

నిజాం కాలంలో ఇది అడవి ప్రాంతం, గోండుల సీమ. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో నడిచేవి, బజారు మాట ఎక్కువగా మరాఠీ. తన భూమి ఏ కాగితంలో ఎవరి పేర ఎక్కిందో గోండు రైతుకు తెలిసేది కాదు. అడవి శాఖ, రెవెన్యూ శాఖ నౌకర్లలోనూ, సావుకార్లలోనూ అన్ని మతాలవారూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు. ఆ అన్యాయం మీద తిరగబడిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చారు.

ఆ తర్వాతనే గోండుల కష్టాలకు మూలమేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ దొరకు పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ నేటి జైనూరు మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చయినాయి. ఉద్దేశం ఒక్కటే: రసీదు చదవగలిగినవాణ్ణి మోసగించడం కష్టం. లక్షకు పైగా ఎకరాలకు పట్టాలు దక్కింది కూడా ఆ కాలంలోనే.

1948లో నిజాం ప్రభుత్వం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు అంతవరకు మన జిల్లాలో ఉన్న కిన్వట్ అవతలి రాష్ట్రంలోకి పోయింది. ఉర్దూ ఉన్న కచేరీలోకి తెలుగు వచ్చింది. రోడ్డు పడింది, లారీ వచ్చింది, దాని వెంట వ్యాపారులు, వలస రైతులు వచ్చారు. 1970ల చివర మళ్లీ వచ్చిన హైమన్‌డార్ఫ్, గోండుల చేతినుంచి భూమి ఎలా జారిపోతున్నదో చూసి 1982లో అచ్చయిన తన పుస్తకంలో రాశారు. 1985లో మండలాల పద్ధతి వచ్చింది. 2016లో ఆదిలాబాదు జిల్లా విడిపోయి జైనూరు కుమ్రం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది.

ఇక్కడ మనం మరువరాని సంగతి ఒకటుంది. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు చట్టం 1963లో తెలంగాణకు వర్తించింది, 1970 సవరణతో మరింత గట్టిపడింది. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుడి పేరున బదలాయింపు కారాదు. అంటే దుకాణం మనదే కావచ్చు, నేల మాత్రం వారిది. ఈ అంగడిలో మన అసలు పెట్టుబడి డబ్బు కాదు, నమ్మకం.

ఆ నమ్మకం మీద 2024 సెప్టెంబరు 4న పెద్ద దెబ్బ పడింది. ఒక ఆదివాసీ మహిళపై అత్యాచార యత్నం, హత్యాయత్నం జరిగాయన్న ఆరోపణ మీద బంద్ జరిగింది, బంద్ మంటలైంది. దుకాణాలు కాలాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమెకు న్యాయం జరగాలి, ఇందులో రెండో మాట లేదు. ఏ తప్పూ చేయని కుటుంబాల బతుకుతెరువు బూడిద కావడమూ అన్యాయమే. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగితేనే మన మాటకు విలువ.

ఇప్పుడు మన ముందున్న పని ఏమిటి? కాలిన గోడ లేపడం సులువు. నమ్మకాన్ని లేపడానికి మార్లవాయి దారి ఉంది. ఆనాడు చదువొచ్చిన పరాయి దేశస్థుడు గోండి నేర్చుకుని గోండుల దగ్గర కూర్చున్నాడు. తరాలుగా ఇక్కడ ఉన్న మనలో ఎందరి పిల్లలకు బేరానికి మించిన గోండి వచ్చు? మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. మన పక్క ఊరి పేరు దేశమంతా వినబడ్డ సంగతి మన ఇళ్లలో ఎంతమంది చెప్పుకున్నాం?

ఒకప్పుడు వేలిముద్ర వేసినవారి మనుమలు నేడు బిల్లు చదువుతారు, లెక్క అడుగుతారు. అది మనకు నష్టం కాదు. కాంటా సరిగా ఉంటే అడిగేవాడంటే భయమెందుకు? తూకంలో తగ్గించేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ ఎంత గట్టిగా హెచ్చరించిందో తెలిసినవాళ్లం మనం. లెక్క తేటగా ఉండనిద్దాం. మన అమ్మాయిలనూ అబ్బాయిలనూ పై చదువులకు పంపుదాం. పొరుగువారి పెళ్లికీ చావుకూ వెళదాం.

బెట్టీ ఎలిజబెత్ 1987లో కన్నుమూశారు, హైమన్‌డార్ఫ్ 1995లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. బయటినుంచి వచ్చినవారిని ఈ నేల తన బిడ్డలుగా చేసుకుంది, ఎందుకంటే వారు ముందు ఈ నేలను తమదిగా గౌరవించారు. అల్లాహ్ మనకూ ఆ బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.