బండి ఆగకుండా చూసినవాడు: జి.డి. నాయుడి జ్ఞాపకంపై పాతపట్నం నుంచి ఒక పరిశీలన

కోయంబత్తూరు ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. అర్ధశతాబ్దం దాటినా ఆయన పేరు మరుగున పడలేదు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన కుటుంబ సంస్థ 2015లో తెరిచిన పాత కార్ల మ్యూజియం ఉంది. ఆయన జీవితంపై తీసిన డాక్యుమెంటరీకి జాతీయ పురస్కారం వచ్చింది. నటుడు మాధవన్ ఆయన పాత్రలో సినిమా కూడా మొదలైంది. ఇంత జ్ఞాపకంలో గట్టి ఆధారం మీద నిలిచేది ఎంత? చెప్పగా చెప్పగా పెరిగింది ఎంత? ‘భారత ఎడిసన్’ అని పిలిచే అలవాటు ఆయన చేసిన అసలు పనిని మరుగుపరిచిందా? ఈ వ్యాసం ఆ ప్రశ్నలకే పరిమితం.

పాతపట్నంలో కూర్చుని కోయంబత్తూరు మనిషి గురించి రాయడానికి కారణం ఉంది. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మన ఊరికి పర్లాకిమిడి కూతవేటు దూరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు ఆ ఊరు అటు వెళ్లింది, మనం ఇటు మిగిలాం. చుట్టరికాలు, సంతలు, మాట రెండువైపులా అలాగే ఉన్నా, అవతలి తెలుగువాళ్ల పేర్లు మన చరిత్ర పుస్తకాల్లోంచి మెల్లగా జారిపోయాయి. గోపాలస్వామి దొరస్వామి నాయుడిదీ అదే పరిస్థితి. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. తమిళనాడు ఆయన్ను గుండెల్లో పెట్టుకుంది. తెలుగు పాఠకుడికి ఆయన దాదాపు అపరిచితుడు.

ముందుగా ఒక హెచ్చరిక. నాయుడికి కెమెరా అంటే ప్రాణం. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని ఆయన స్వయంగా చిత్రీకరించారని జీవిత కథల్లో తరచూ కనిపిస్తుంది. వాటిలో కొన్ని ఆ ఏడాదిని 1935గా రాశాయి. అయిదో జార్జి చనిపోయింది 1936 జనవరి 20న, అంత్యక్రియలు జరిగింది అదే నెల 28న. 1935 మే నెలలో జరిగింది ఆ రాజు పాలనకు రజతోత్సవం. రెండు సందర్భాలు ఎక్కడో కలిసిపోయి ఉండవచ్చు. ఒక్క ఏడాది తేడా పెద్ద నేరమేమీ కాదు. కానీ ఒకరు రాసింది మరొకరు సరిచూడకుండా ఎత్తిరాసుకుంటూ వచ్చారనడానికి అది గుర్తు. ఒకే మూలం నుంచి పది చోట్లకు పాకిన మాటను పది సాక్ష్యాలుగా లెక్కించకూడదు. నాయుడి గురించి ప్రచారంలో ఉన్న ‘మొట్టమొదటి’ అనే మాటలన్నిటినీ ఈ జాగ్రత్తతోనే చదవాలి.

ఇదే జాగ్రత్తతో ఆయన తొలి కథను చూద్దాం. బడి చదువు పెద్దగా ఒంటబట్టని కుర్రాడు, ఊళ్లోకి వచ్చిన తెల్ల రెవెన్యూ అధికారి మోటారుసైకిలు చూసి దాని మీద మనసు పడ్డాడు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో 300 రూపాయలకు అదే బండి కొన్నాడు. కొన్నాక దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించాడు. ఆ బండి పేరు రడ్జ్ అని కథ చెబుతుంది. ఇంగ్లండులో రడ్జ్ కంపెనీ సొంత మోటారుసైకిళ్లు అమ్మడం 1911లో మొదలైంది. కాబట్టి ఈ సంఘటన అంతకు ముందు జరిగే వీలు లేదు. నాయుడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. వయసు, బండి, కాలం ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి. ఈ కథను నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు.

ఆ తరం రడ్జ్ బండిని విప్పడమంటే ఏమిటో తెలిస్తే ఆ కుర్రాడు ఏం నేర్చుకున్నాడో అర్థమవుతుంది. ఒకటే సిలిండరు, అర లీటరుకు కాస్త తక్కువ. ఇంజిను నుంచి వెనక చక్రానికి గొలుసు బదులు బెల్టు. బ్యాటరీ లేదు; మ్యాగ్నెటో తిరిగితేనే ప్లగ్గులో నిప్పురవ్వ. అందులోని పాయింట్ల మధ్య సందు కాస్త ఎక్కువైనా తక్కువైనా బండి కదలదు. వాల్వు తెరుచుకోవలసిన క్షణానికి, పిస్టను పైకి వచ్చే క్షణానికి లంకె తప్పితే మళ్లీ అన్నీ విప్పాల్సిందే. పుస్తకం లేకుండా, చెప్పేవాడు లేకుండా ఇవన్నీ బిగించి బండి స్టార్టు చేసినవాడికి ఒక సంగతి జన్మలో మరిచిపోలేనంతగా తెలిసిపోతుంది: ఏ భాగాన్నీ విడిగా చూస్తే యంత్రం బోధపడదు.

1920లో ఆయన పొల్లాచి, పళని మధ్య బస్సు నడపడం మొదలుపెట్టారు. మొదటి బండి కొనడానికి కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సాయపడ్డారు. ఆ ఒక్క బండి నుంచి పెరిగిందే యు.ఎం.ఎస్. అని అందరూ పిలిచే యూనివర్సల్ మోటార్ సర్వీస్. 1930ల నాటికి దక్షిణాదిలో పేరున్న పెద్ద బస్సు సంస్థల్లో అదొకటి.

నా దృష్టిలో నాయుడి జీవితానికి గుండెకాయ ఇదే. జీవిత కథలు మాత్రం దీన్ని ఒక్క పేరాలో ముగించి ఆయన చేసిన రేజర్ల దగ్గరికి, రేడియోల దగ్గరికి పరుగెడతాయి. ఆ రోజుల్లో బస్సు నడపడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించాలి. ఛాసీ ఓడ మీద అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో రావాలి. పైన చెక్క బాడీ ఇక్కడి వడ్రంగులు కట్టాలి. రోడ్డు కంకర రోడ్డు, వానాకాలం బురద. స్ప్రింగు పట్టీ విరిగినా, బుష్ అరిగినా కొత్తది రావడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లు బండి షెడ్డులో నిలబడితే యజమాని దివాలా తీస్తాడు. కాబట్టి పెద్ద బస్సు సంస్థ బతకాలంటే లేతు ఉండాలి, కొలిమి ఉండాలి, అరిగిన ముక్కను చూసి కొలత తీసి కొత్తది తయారుచేసే ఫిట్టరు ఉండాలి. ఏ బండి ఎన్ని మైళ్లు తిరిగింది, రింగులు ఎప్పుడు మార్చారు అని లెక్క రాసే గుమాస్తా ఉండాలి. పొల్లాచి స్టాండులో బస్సు వేళకు బయలుదేరిందంటే దాని వెనక ఇంత పని జరిగినట్టు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పనిని ఇంకా కఠినం చేసింది. పెట్రోలుకు రేషన్ వచ్చాక దేశమంతటా బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచాయి. మన ఇళ్లల్లో ముసలివాళ్లు చెప్పుకునే ‘బొగ్గు బస్సు’ అదే. బండి వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము. అందులో కర్రబొగ్గు. క్లీనరు ముందుగా చేత్తో పంకా తిప్పి నిప్పు రాజేస్తే, కాసేపటికి మండే గ్యాసు తయారై, వడపోతల గుండా ఇంజినుకు చేరేది. పెట్రోలుతో పోలిస్తే బలం బాగా తగ్గేది. ఎత్తు వస్తే జనం దిగి తోసేవారు. మసి, బూడిద ఇంజినులోకి పోకుండా వడపోతల్ని రోజూ శుభ్రం చేయకపోతే సిలిండరు గీతలు పడి పాడయ్యేది. అప్పట్లో మోటారు ఇంజినీరు అన్న మాటకు అర్థం ముఖ్యంగా ఇదే: చేతికి అందిన సరుకుతో, ఉన్న మనుషులతో, బండి ఆగకుండా చూసుకోవడం.

విద్యుత్ మోటారు విషయానికి వద్దాం. 1937లో పీలమేడులోని నాయుడి కర్మాగారంలో, డి. బాలసుందరం నాయుడి నైపుణ్యంతో, ఒక మోటారు తయారైంది. దాన్ని భారతదేశపు మొదటి విద్యుత్ మోటారు అంటారు. ‘మొదటి’ అన్న పట్టాను అంత తేలిగ్గా ఇవ్వను. పూర్తిగా దేశీయ భాగాలతో చేసినదా, అమ్మకానికి చేసినవాటిలో మొదటిదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఆ పట్టా లేకపోయినా దాని ప్రాముఖ్యం తగ్గదు. 1932లో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు జిల్లాకు చేరింది. అక్కడిది బావుల సేద్యం. కరెంటు వచ్చింది, నీళ్లు తోడాలి, మోటారు కావాలి. సరిగ్గా ఆ సమయానికి దాన్ని చేయగలిగిన చేతులు మోటారు షెడ్లలో, మిల్లుల్లో తయారై ఉన్నాయి. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ సంస్థ స్థాపించారు. ఈ రోజు కోయంబత్తూరు మోటారు పంపు లేని పల్లె మన జిల్లాలోనూ అరుదు. ఒక్క మనిషి మేధస్సుకన్నా, ఆ కరెంటు, ఆ బావులు, ఆ చేతులు కలిసిన తీరు ఈ ఫలితాన్ని బాగా వివరిస్తుంది.

ఇక ఎక్కువమంది ఆవేశంగా చెప్పే కథ. 1952లో నాయుడు రెండు సీట్ల పెట్రోలు కారు చేశారని, ధర 2,000 రూపాయలని, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆగిపోయిందని. ఇందులో మూడు మాటలున్నాయి, మూడింటినీ విడివిడిగా తూచాలి. లైసెన్సు మాటకు సందర్భం బలంగా ఉంది. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే 8న అమల్లోకి వచ్చింది. దాని మొదటి షెడ్యూలులోనే మోటారు వాహనాలున్నాయి. ఆ తర్వాత ఢిల్లీ అనుమతి లేకుండా కారు కర్మాగారం పెట్టే దారి లేదు. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, మద్రాసులోని స్టాండర్డ్ వంటి కొద్ది సంస్థలకే ఆ రంగం పరిమితమైంది. ఒక నమూనా కారు తయారీ కూడా నమ్మదగిందే. పాతికేళ్లకు పైగా బస్సుల్ని విప్పి బిగించిన షెడ్డుకు అది శక్తికి మించిన పని కాదు.

ధర దగ్గరే నేను ఆగుతాను. ఒక కారును చేత్తో చేయడం వేరు, వేల కార్లను ఒకే ధరకు అమ్మడం వేరు. బాడీ రేకుల్ని అచ్చు వేయడానికి పెద్ద ప్రెస్సులు, డైలు కావాలి. క్రాంకు షాఫ్టుల్ని సుత్తి కింద సాగదీసి మలచాలి. ఆ పెట్టుబడి వేల బండ్ల మీద పరుచుకుంటేనే ఒక్కో బండి ధర దిగుతుంది. అందువల్ల 2,000 రూపాయల మాటను తయారీదారు లక్ష్యంగా చదవడం న్యాయం, నిరూపితమైన ఖర్చుగా చదవడం తొందరపాటు. ఇలా అన్నందుకు ప్రభుత్వం వైపు మాట్లాడుతున్నట్టు కాదు. చవక కారు కోసం అదే ప్రభుత్వం 1959లో ఎల్.కె. ఝా నాయకత్వంలో కమిటీ వేసింది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి తాళాలు కొనుగోలుదారు చేతికి అందేదాకా మధ్యతరగతి ఎదురుచూస్తూనే ఉంది. ప్రయత్నించి చూసే అవకాశం నాయుడికి దక్కకపోవడం నష్టమే. ఆ నష్టం ఎంతో లెక్క కట్టడానికి మాత్రం ఒక నమూనా కారు చాలదు.

సందేహానికి తావులేని ఆధారం చదువు వైపు ఉంది. 1945లో ఆయన చొరవతో, మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజినీరింగు కళాశాల మొదలయ్యాయి. ఆ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేళ్ల చదువు వృథా, రెండేళ్లలో పనిమంతుణ్ణి చేయవచ్చని నాయుడి వాదన. సర్కారు ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. గణితం, పదార్థ శాస్త్రం వంటివాటిని అంత తొందరగా పూర్తిచేయడం కష్టమన్నది నా అభిప్రాయం. కానీ షెడ్డులో చేయి నలగనివాడు ఇంజినీరు కాలేడన్న ఆయన పట్టుదలతో ఏకీభవిస్తాను. ఆ ఊరి పీలమేడు ప్రాంతంలో నేటికీ బస్సు కండక్టర్లు ‘హోప్ కాలేజ్’ అని కేకవేస్తారు.

ఇక అవినాశి రోడ్డు మ్యూజియంలోని పాత కార్లు, 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నకలుతో సహా, కార్ల పరిణామానికి సాక్ష్యం. వాటిని నాయుడి ఇంజినీరింగుకు సాక్ష్యంగా చూడకూడదు.

ఈ తూకాన్ని మన ఊరికి వర్తింపజేస్తే ఏం తేలుతుందో కూడా చెప్పాలి. 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి పర్లాకిమిడికి మన పాతపట్నం మీదుగా చిన్న రైలు మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. 1931లో గుణుపురం దాకా సాగింది. 2004లో బ్రాడ్ గేజి కోసం ఆపేశారు. చరిత్ర రాసేటప్పుడు రైలు వేయించిన గౌరచంద్ర గజపతి పేరు తప్పక వస్తుంది. ఆ బుల్లి ఇంజిన్లను శతాబ్దం పాటు నడిపించిన ఫిట్టర్లు, ఫైర్‌మన్‌లు, బాయిలరు మేస్త్రీలు మాత్రం మనుమల మాటల్లోనే బతుకుతున్నారు. టెక్కలి రోడ్డు మీద లారీలకు, అంబాసిడర్లకు, జీపులకు ఇంజిన్లు దించి ఎక్కించిన మెకానిక్కులదీ అంతే. ఒక పెద్ద మెకానిక్కు పోయిన రోజు ఫ్లెక్సీ కడతారు, పదకొండో రోజు భోజనాలు పెడతారు. ఆ తర్వాత ఆయన సామాను పాత ఇనుము కొట్టుకు చేరుతుంది.

ఆ సామానే తొలి ఆధారం. చేత్తో చేసుకున్న పుల్లర్లు, సైజుకు తగ్గట్టు వంచుకున్న స్పానర్లు, వాల్వు గ్రైండు చేయడానికి తయారుచేసుకున్న పిడి ఆ మనిషి ఎలా ఆలోచించాడో చెబుతాయి. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసిన బండి నంబర్లు, అప్పు పుస్తకాలు, స్పేర్ పార్టుల కొట్టు బిల్లులు ఆయన చేసిన పని విస్తీర్ణం చెబుతాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కడ షెడ్లు పెట్టుకున్నారో వరసగా రాసుకుంటే, ఆయన బడి ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇలాంటి సేకరణకు మన నేల మీదే ఒక దారి వేసి ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల మధ్యకు వెళ్లి, వాళ్ల నోటి మాటనే విని రాసుకున్నారు. ఆ కృషి 1931లో సవర భాష మాన్యువల్‌గా, 1938లో నిఘంటువుగా వెలువడింది. మాట్లాడేవాడి దగ్గర కూర్చుని, విన్నది విన్నట్టు రాసి, మరొకరి దగ్గర సరిచూడడం ఆయన పద్ధతి. షెడ్డు చరిత్రకూ అది సరిపోతుంది. చెప్పినవారి పేరు, విన్న తేదీ, ఏ బండి, ఏ మోడలు, ఏ ఏడాది అన్నవి పక్కనే రాయాలి. ఇద్దరు చెప్పింది పొసగకపోతే రెండూ ఉంచాలి. ఆర్టీవో రిజిస్ట్రేషన్ ఏడాదితో, ఆ మోడలు మార్కెట్‌లోకి వచ్చిన ఏడాదితో సరిపోల్చాలి. నాయుడి రడ్జ్ కథకు చేసిన పరీక్షే ఇక్కడా. 1970లలో పని నేర్చుకున్న మెకానిక్కులు ఇప్పుడు అరవైల్లో, డెబ్బయిల్లో ఉన్నారు. పర్లాకిమిడి వైపు షెడ్లలోనూ తెలుగు మేస్త్రీలున్నారు కనుక, ఈ సేకరణ సరిహద్దు దగ్గర ఆగకూడదు.