పక్షవాత వైద్యచరిత్రలో ఆసుపత్రి, ఇల్లు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చాలా కాలం పక్షవాతాన్ని వైద్యానికి లొంగని వ్యాధిగానే పరిగణించారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ అభిప్రాయం మారింది. ఆ మార్పు మొదట కొత్త మందు వల్ల రాలేదు. ఆసుపత్రిలో రోగి చుట్టూ జరిగే పనిని క్రమబద్ధం చేయడం వల్ల వచ్చింది. ఆ మేలు రోగి ఇంటికి వెళ్ళిన తరువాత కూడా నిలిచిందా అనే ప్రశ్నను ఆధారంగా చేసుకొని, పక్షవాత వైద్యపరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పక్షవాతం, స్ట్రోక్ యూనిట్, పునరావాసం, మార్జరీ వారెన్, ఎడిన్‌బరో, ట్రోండ్‌హైమ్, కుటుంబ సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'పక్షవాతం' అనే మాట వ్యాధి మిగిల్చిన ఫలితాన్ని చెబుతుంది. శరీరంలో ఒక పక్షం, అంటే ఒక పార్శ్వం, చచ్చుబడిపోవడం కంటికి కనిపించే లక్షణం. దానికి మూలం మాత్రం మెదడులో ఉంటుంది. అక్కడి రక్తనాళం పూడుకుపోవడమో, చిట్లిపోవడమో జరిగినప్పుడు ఆ భాగానికి రక్తం అందక కణాలు నశిస్తాయి. మాట పడిపోవడం, చూపు సగం పోవడం, మింగలేకపోవడం కూడా ఈ వ్యాధి లక్షణాలే. కాలూ చేయీ బాగానే ఉన్న మనిషికి సైతం ఇది రావచ్చు. ఇటీవల 'మెదడుపోటు', 'బ్రెయిన్ స్ట్రోక్' అనే మాటలు వాడుకలోకి రావడానికి ఇది ఒక కారణం.

ఈ వ్యాధికి మరొక ప్రత్యేకత ఉంది. ప్రాణం దక్కడంతో దీని కథ ముగియదు. బ్రతికిన రోగి తన అన్నం తాను తినగలడా, స్నానానికి నడిచి వెళ్ళగలడా, ఇంట్లోవారితో మాట్లాడగలడా అన్నవి ప్రాణరక్షణతో సమానమైన ప్రశ్నలు. కనుక వైద్యం ఫలించిందో లేదో తేల్చడానికి ఆసుపత్రి నుండి పంపిన రోజు నాటి స్థితి ఒక్కటే చాలదు. ఏడాది, అయిదేళ్ళు, పదేళ్ళ తరువాతి స్థితినీ చూడాలి.

2. ప్రాచీన వైద్యంలో సాధ్యాసాధ్య విచారణ

ఆయుర్వేద గ్రంథాలు ఈ వ్యాధిని వాతవ్యాధులలో చేర్చాయి. చరకసంహిత చికిత్సాస్థానంలోని 28వ అధ్యాయం, సుశ్రుతసంహిత నిదానస్థానంలోని మొదటి అధ్యాయం వాతవ్యాధులను వివరిస్తాయి. సుశ్రుతసంహిత పక్షాఘాతాన్ని ఫలితాన్ని బట్టి విభజించింది. కేవల వాతం వల్ల కలిగినది మిక్కిలి కష్టసాధ్యమని, ఇతర దోషాలతో కూడినది సాధ్యమని, ధాతుక్షయం వల్ల కలిగినది అసాధ్యమని పేర్కొంది. నేటి శరీరశాస్త్రం ఈ కారణాలను అంగీకరించకపోవచ్చు. కాని రోగులందరి భవిష్యత్తు ఒక్కటి కాదనీ, వైద్యుడు దానిని ముందుగా అంచనా వేయాలనీ గుర్తించడం గమనించదగినది.

గ్రీకు వైద్యంలో ఈ వ్యాధి పేరు 'అపోప్లెక్సియా', అంటే హఠాత్తుగా కొట్టి పడవేయడం. ఆంగ్లంలోని 'స్ట్రోక్' అనే మాటలోనూ దెబ్బ అనే అర్థమే ఉంది. హిప్పోక్రటీస్ సంప్రదాయ వైద్యులు తీవ్రమైన అపోప్లెక్సియా నయం కాదనీ, స్వల్పమైనది నయం కావడం కూడా సులభం కాదనీ భావించారు. ఈ నిరాశ తరువాతి శతాబ్దాల వైద్యాన్ని ఎంతగానో ప్రభావితం చేసింది.

3. కారణాన్వేషణ

స్విట్జర్లాండుకు చెందిన జోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో అపోప్లెక్సీపై ఒక గ్రంథం ప్రచురించాడు. మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, కొందరిలో రక్తస్రావం జరిగిందని చూపాడు. 1664లో థామస్ విల్లిస్ మెదడు అడుగున రక్తనాళాలు వలయంగా కలిసే తీరును వివరించాడు. ఆ వలయం నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. పంతొమ్మిదవ శతాబ్దంలో రుడాల్ఫ్ విర్కో రక్తం గడ్డకట్టే విధానాన్ని, ఆ గడ్డ ఒకచోట నుండి కదిలి మరొకచోట నాళాన్ని పూడ్చే విధానాన్ని విశదపరిచాడు.

ఇంత తెలిసినా రోగి మంచం దగ్గర వైద్యుడు చేయగలిగింది స్వల్పమే. నాళం చిట్లిందో పూడుకుందో బ్రతికున్న మనిషిలో కచ్చితంగా తెలుసుకునే సాధనం లేదు. ఒకదానికి మేలు చేసే మందు మరొకదానికి ప్రాణాంతకం కావచ్చు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ స్కాన్‌తో 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించడంతో ఈ అవరోధం తొలగడం మొదలయింది. ఈ ఆవిష్కరణకు గాను ఆయనకు, అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

4. మంచం దిగిన రోగులు

రోగనిర్ధారణ ఈ విధంగా సాగుతుండగా, సంరక్షణలో మార్పు వేరొక చోట, మరికొంత ముందుగా ఆరంభమైంది. 1935లో లండన్ పరిసరాల్లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పేదల ఆశ్రమానికి అనుబంధంగా ఉన్న వైద్యశాలను తనలో కలుపుకొంది. అక్కడ ఏడు వందలకు పైగా ఉన్న దీర్ఘరోగుల బాధ్యత డాక్టర్ మార్జరీ వారెన్‌కు వచ్చింది. వారిలో పక్షవాతంతో ఏళ్ళ తరబడి మంచం పట్టినవారు చాలామంది. వారిని పరీక్షించినవారు గాని, ఇంటికి పంపే ఆలోచన చేసినవారు గాని లేరు.

వారెన్ ఒక్కొక్క రోగినీ పరీక్షించి, వర్గీకరించి, కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడం అనే క్రమాన్ని అమలుచేశారు. ఎంతోమంది మంచం దిగారు. కొందరు ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. కదలకుండా పడుకోబెట్టడం వల్లనే కీళ్ళు బిగుసుకుపోవడం, పడకపుండ్లు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని ఆమె అనుభవం చెప్పింది. అంతవరకు రోగానికి ఆపాదించిన నష్టంలో కొంత భాగం నిర్లక్ష్యానిదని దీనివల్ల తేలింది. వృద్ధుల వైద్యశాస్త్రానికి ఆమెను మార్గదర్శిగా భావించడానికి ఈ కృషే పునాది.

5. ఎడిన్‌బరో వేసిన ప్రశ్న

పక్షవాత రోగులను ఒకే విభాగంలో చేర్చి, వైద్యుడు, నర్సులు, ఫిజియోథెరపిస్టు, మాటలు నేర్పే నిపుణులు కలిసి పనిచేసే పద్ధతికి 'స్ట్రోక్ యూనిట్' అని పేరు. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో గారవే బృందం వృద్ధ రోగులపై ఒక నియంత్రిత ప్రయోగం జరిపి 1980లో ఫలితాలు ప్రకటించింది. స్ట్రోక్ యూనిట్‌లో చికిత్స పొందినవారిలో సుమారు సగం మంది స్వతంత్రంగా మసలగలిగే స్థితికి వచ్చారు. సాధారణ వార్డులలో చేరినవారిలో అది మూడింట ఒక వంతు మాత్రమే.

ఏడాది తరువాత అదే రోగులను మళ్ళీ పరిశీలిస్తే ఆ తేడా కనిపించలేదు. యూనిట్ నుండి స్వతంత్రంగా వెళ్ళినవారిలో కొందరు ఇంటివద్ద ఆ శక్తిని కోల్పోయారు. రోగి తాను చేసుకోగల పనిని కూడా ఇంట్లోవారు ప్రేమతో తామే చేసిపెట్టడం దీనికి ఒక కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. ఆసుపత్రి ఇచ్చిన శక్తిని ఇల్లు నిలుపుకోలేకపోతే, ఆ చికిత్సను పూర్తి విజయంగా లెక్కించవచ్చా అన్న ప్రశ్న ఈ ప్రయోగంతో స్పష్టంగా ముందుకు వచ్చింది.

6. ట్రోండ్‌హైమ్ ఇచ్చిన సమాధానం

నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరంలో బెంట్ ఇండ్రెడావిక్ బృందం 220 మంది రోగులను సమాన సంఖ్యలో రెండు వర్గాలుగా విభజించి జరిపిన ప్రయోగం 1991లో వెలువడింది. వ్యాధి సోకిన తొలి గంటల చికిత్సను, పునరావాసాన్ని విడదీయకుండా ఒకే విభాగంలో అందించడం దీని విశేషం. రోగి ఆ విభాగంలో ఉండే కాలం గరిష్ఠంగా ఆరు వారాలు. ఆరు వారాల నాటికి స్ట్రోక్ యూనిట్‌లో మరణాలు 7.3 శాతం, సాధారణ వార్డులలో 17.3 శాతం.

ఈ బృందం పరిశీలనను అక్కడితో ఆపలేదు. అయిదేళ్ళ తరువాత యూనిట్ రోగులలో 41 శాతం, వార్డు రోగులలో 29 శాతం జీవించి ఉన్నారు. పదేళ్ళ తరువాత ఆ అంకెలు సుమారు 25, 13 శాతం. పదేళ్ళకు సొంత ఇంట్లో ఉంటున్నవారు యూనిట్ వర్గంలో 19 శాతం, వార్డు వర్గంలో 8 శాతం. కొన్ని వారాల సంరక్షణలోని తేడా పదేళ్ళ తరువాతి జీవితంలోనూ కనిపించింది. రోగిని త్వరగా మంచం దించి శిక్షణ మొదలుపెట్టడం ఈ ఫలితానికి ముఖ్యకారణమని ఆ బృందమే తరువాత విశ్లేషించింది.

ఇతర దేశాల ప్రయోగాలను కలిపి 1993లో పీటర్ లాంగ్‌హార్న్ తదితరులు చేసిన సమీక్ష కూడా స్ట్రోక్ యూనిట్లు ప్రాణాలు నిలుపుతున్నాయని నిర్ధారించింది. 1995లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో వెలువడిన ప్రకటన, 2005 నాటికి యూరప్‌లో పక్షవాత రోగులందరికీ ఇటువంటి సంరక్షణ అందాలనే లక్ష్యాన్ని పెట్టింది. 2020 నాటి కోక్రేన్ సమీక్ష 29 ప్రయోగాలను పరిశీలించింది. వ్యవస్థీకృత సంరక్షణ పొందిన ప్రతి వంద మందిలో అదనంగా ఇద్దరు బ్రతుకుతారని, ఆరుగురు ఇంట్లో జీవించగలుగుతారని, ఆరుగురు స్వతంత్రులవుతారని అది అంచనా వేసింది.

అయితే 'త్వరగా' అన్న మాటకు హద్దు ఉంది. 2,104 మంది రోగులతో జరిగి 2015లో వెలువడిన 'అవెర్ట్' ప్రయోగం, తొలి 24 గంటల్లోనే తరచుగా, ఎక్కువ మోతాదులో నడిపించడం మేలు చేయకపోగా ఫలితాన్ని తగ్గించిందని చూపింది. మంచానికి కట్టివేయడం ఎంత హానికరమో, తొందరపాటు కూడా అంతే జాగ్రత్త పడవలసిన విషయమని దీని సారాంశం.

7. మందు, యంత్రం, కాలం

పూడుకున్న నాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు 'టీపీఏ'. 624 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 1995 డిసెంబరులో వచ్చాయి. మూడు గంటల లోపు ఈ మందు ఇచ్చినవారిలో మూడు నెలలకు వైకల్యం లేకుండా, లేదా అతిస్వల్పంగా ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. 2008లో ఈ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో వెలువడిన అయిదు ప్రయోగాలు, పెద్ద నాళంలోని గడ్డను గొట్టం ద్వారా బయటకు తీసే పద్ధతి విలువను స్థాపించాయి.

ఇవి గొప్ప విజయాలు. కాని వీటికి గడువులోపు ఆసుపత్రికి చేరిన రోగులే అర్హులు. క్రమబద్ధమైన సంరక్షణకు అటువంటి కఠిన నియమం లేదు. రోగి మింగగలడో లేదో పరీక్షించిన తరువాతే నోటికి ఆహారం ఇవ్వడం, వేళకు పక్కకు తిప్పడం, జ్వరాన్నీ చక్కెరనూ గమనించడం వంటి పనులు ఆలస్యంగా వచ్చిన రోగికీ, రక్తస్రావం జరిగిన రోగికీ ఉపయోగపడతాయి. దీర్ఘకాలంలో రక్తపోటు అదుపు కూడా ఇంతే ప్రధానం. 6,105 మందితో జరిగి 2001లో వెలువడిన 'ప్రోగ్రెస్' ప్రయోగంలో, రక్తపోటు తగ్గించే మందులు వాడినవారికి మళ్ళీ పక్షవాతం వచ్చే ముప్పు 28 శాతం తగ్గింది.

8. భారతదేశ అనుభవం: కుటుంబం మీది భారం

ఎడిన్‌బరో ప్రశ్నకు ట్రోండ్‌హైమ్ బృందం 2000లో మరొక జవాబును ప్రకటించింది. ఆసుపత్రి బృందమే రోగి వెంట ఇంటిదాకా వెళ్ళి, స్థానిక వైద్యసిబ్బందితో కలిసి పునరావాసాన్ని కొనసాగించింది. ఆరు నెలలకు ఆ వర్గంలో 65 శాతం, సాధారణ యూనిట్ సేవ పొందిన వర్గంలో సుమారు 52 శాతం స్వతంత్రంగా ఉన్నారు.

నిపుణులు ఇంటింటికీ వెళ్ళలేని దేశాల్లో ఆ పని ఎవరు చేయాలి? భారతదేశంలో దాదాపు ఎప్పుడూ కుటుంబమే చేస్తున్నది. భార్యో, కోడలో, కూతురో తన పని మానుకొని రోగి పక్కన నిలవడం తెలుగు ఇళ్ళలో అపరిచితమైన దృశ్యం కాదు. ఈ సేవకే శిక్షణ జోడిస్తే ఫలితం మెరుగవుతుందా అని పరీక్షించినది 'అటెండ్' ప్రయోగం. దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగిన దీని ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కుటుంబ సభ్యునికి ఆసుపత్రిలోనే శిక్షణ మొదలుపెట్టి, ఇంటివద్ద కొనసాగించారు. ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే. శిక్షణ పొందిన కుటుంబానికీ, పొందని కుటుంబానికీ తేడా కనిపించలేదు.

ఈ ఫలితాన్ని కుటుంబాల వైఫల్యంగా చదవడం న్యాయం కాదు. నిపుణుల బృందం చేయవలసిన పనిని స్వల్పశిక్షణతో ఇంటివారికి అప్పగించి, వ్యవస్థ తప్పుకోజాలదని మాత్రమే ఇది చెబుతుంది. భారత ప్రభుత్వం 2010లో క్యాన్సర్, మధుమేహం, హృద్రోగాలతోపాటు పక్షవాతాన్నీ చేర్చి జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రోగిని ఆసుపత్రికి చేర్చే మార్గాన్ని సుగమం చేసింది. ఆసుపత్రి నుండి ఇంటికి తిరిగి వెళ్ళే మార్గానికీ అంతటి ఏర్పాటు అవసరమని పై చరిత్ర సూచిస్తుంది.

9. ముగింపు

• పక్షవాతం అసాధ్యవ్యాధి అన్న భావనను మొదట సడలించినది రోగిని మంచం దించిన సంరక్షణ పద్ధతి. మందులు, యంత్రాలు ఆ తరువాత దానికి తోడయ్యాయి.

• ఆసుపత్రిలో పొందిన మేలు దానంతట అది నిలవదని ఎడిన్‌బరో, సరైన పునాది వేస్తే పదేళ్ళ తరువాతా నిలుస్తుందని ట్రోండ్‌హైమ్ చూపాయి.

• కుటుంబం సంరక్షణలో భాగస్వామి కాగలదు. నిపుణుల స్థానాన్ని మాత్రం భర్తీ చేయలేదని భారతదేశ అనుభవం తెలుపుతుంది.

• కనుక పక్షవాత సేవల నాణ్యతను కాపాడిన ప్రాణాల సంఖ్యతోపాటు, ఏడాది తరువాత తన పని తాను చేసుకోగలుగుతున్న రోగుల సంఖ్యతో కూడా కొలవాలి. ఆ లెక్క వేయడం మొదలైననాడే ఇంట్లో ఏళ్ళ తరబడి సాగే సేవ వైద్యవ్యవస్థ దృష్టిలోకి వస్తుంది.