చమత్కారం
‘అద్భుతం’ అనాల్సిన చోట ‘చమత్కారం’ అని రాసిన సాంకేతిక వార్తలు ఈమధ్య నా కంట పడుతున్నాయి. అది హిందీ ప్రభావం. జగదల్‌పుర్ నుంచి సుక్మా, కుంట మీదుగా తెలుగునేలకు దిగే దారిలోని తోంగ్‌పాల్‌లో హిందీ వార్త చదివేవారికి చమత్కార్ అంటే మహిమ. అదే దారిన భద్రాచలం చేరితే చమత్కారం అంటే మాటనేర్పు. రెండింటి మూలం ఒక్కటే. సంస్కృతంలో ‘చమత్’ ఆశ్చర్యాన్ని సూచించే ధ్వని, దానికి ‘కార’ చేరింది. కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు రసాస్వాదనలోని ఆనందానికి ఈ మాట వాడాడు. 14వ శతాబ్దంలో రాచకొండ సింగభూపాలుని ఆస్థానంలో విశ్వేశ్వరుడు ‘చమత్కార చంద్రిక’ రాసి, గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకారం అనే 7 చమత్కార కారణాలు చెప్పాడు. హిందీ ఆశ్చర్యాన్ని పట్టుకుంది, తెలుగు ఉక్తిని పట్టుకుంది. చమత్కరించడం, చమత్కృతి, చమత్కారి అన్నీ ఆ దారివే. చలోక్తి దీని చుట్టం, ఎత్తిపొడుపులో మాత్రం ముల్లుంటుంది. కృత్రిమ మేధ పోటీలో 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి, హైదరాబాదీ సత్య నాదెళ్ల గూగుల్‌చేత నాట్యం చేయించామని లోకానికి తెలియాలన్నారు. ఇతరుల పాటకు ఆడటం పొరపాటని 2024లో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ బదులిచ్చారు. ఆ పోటీ వార్త చదివి ‘ఆడలేక మద్దెల ఓడు’ అనే పాఠకుడిది అసలైన తెలుగు చమత్కారం. యంత్రం చేసినదాన్ని అద్భుతమందాం. మనిషి మాటలోని మెరుపుకే చమత్కారాన్ని ఉంచుకుందాం.